పదకొండు పువ్వుల చక్రం

నేను ఒక ఉజ్జాయింపుని. నిజం లెక్కకి దగ్గరదాకా వచ్చి గుమ్మంలో ఆగిపోయే రకాన్ని. ఇది చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు. పెళ్లికి ఎంతమంది వస్తారో, పప్పులో ఉప్పు ఎంత పడాలో మీరు మాత్రం సుమారుగా కాక ఎలా తేలుస్తున్నారు? మీ ఇళ్లన్నీ నా మీదే నడుస్తున్నాయి, పేరు మాత్రం కచ్చితం లెక్కలకి పోతుంది.

నా పనేమిటో చెబుతాను, భయపడకండి. సైకిల్ చక్రం అంచుకి ఒక ఎర్ర దారం కట్టి తిప్పండి. చక్రం ఇంత తిరిగితే దారం ఎంత పక్కకి జరిగింది, ఎంత పైకి లేచింది? ఆ జవాబు చెప్పే పెద్దమనిషి పేరు సైన్. కాలేజీలో చాలామందికి ఆయనంటే గిట్టదు, అది వేరే సంగతి. ఆయన్ని కచ్చితంగా పట్టుకోవాలంటే లెక్క తెగదు, చేస్తూ పోవాల్సిందే. దాదాపు పద్నాలుగు వందల ఏళ్ల కిందట ఈ దేశంలోనే గ్రహాల నడక లెక్క కట్టే ఒకాయన, అంత దూరం పోనక్కర్లేదయ్యా అని ఒక శ్లోకంలో నన్ను చెప్పి ఊరుకున్నాడు. కోణాన్ని నూట ఎనభైలోంచి తీసెయ్యి. మిగిలినదాన్ని మళ్లీ కోణంతో హెచ్చవెయ్యి. వచ్చినదాన్ని నాలుగు రెట్లు చేసి పైన పెట్టు. నలభై వేల ఐదు వందల్లోంచి ఆ రెట్లు చెయ్యకముందు వచ్చినదాన్ని తీసేసి కింద పెట్టు. పైదాన్ని కిందదానితో భాగించు. అదే నేను.

కూడిక, తీసివేత, హెచ్చవేత, భాగహారం. అంతకు మించి నాకేం రాదు. అయినా ముప్పై డిగ్రీల దగ్గర, తొంభై దగ్గర, నూట యాభై దగ్గర నాకూ సైన్‌కీ వెంట్రుకవాసి తేడా ఉండదు. మిగతాచోట్ల వెయ్యికి ఒకటో రెండో పాళ్లు తప్పుతాను. ఆ మాత్రం తప్పని మనిషిని మీ వీధిలో ఒక్కణ్ణి చూపించండి.

ఒక్క లోపం మాత్రం ఒప్పుకోవాలి. నా సత్తా సగం చక్రం వరకే. నూట ఎనభై దాటితే నాకు దిక్కు తెలియదు. అవతలి సగానికి నన్ను వాడుకోవాలంటే ముందు కోణంలోంచి నూట ఎనభై తీసేసి, వచ్చిన జవాబుకి మైనస్ గుర్తు తగిలించాలి. ఆ మాట చెప్పకుండా నన్ను అటు పంపితే కళ్లకి గంతలు కట్టిన ఎద్దులా పొలం దాటి పోతాను. ఈ కథంతా ఆ ఒక్క మాట దగ్గరే ఉంది.

ఎన్ని తాటాకులు, ఎన్ని పలకలు, ఎన్ని రఫ్ నోట్సులు దాటానో లెక్కలేదు. చివరికి నర్సాపురం దగ్గర ఒక లెక్కల మాస్టారు నన్ను క్యాలెండర్ వెనక రాసి కూతురికి నేర్పించాడు. ఆ పిల్ల పేరు శ్యామల. పెద్దదై, ముందు గదిలో కంప్యూటర్ పెట్టుకుని చిన్నాచితకా వ్యాపారాలకి వెబ్ పేజీలు చేసిపెట్టేది. వెబ్ పేజీకి స్టైల్ షీట్ అని ఒకటుంటుంది. ఏ బొమ్మ ఎక్కడ కూర్చోవాలి, ఏ అక్షరం ఏ రంగు కట్టుకోవాలి అని రాసిపెట్టే చిట్టా అనుకోండి. ఫోను ఆ చిట్టా చదివి పేజీని సర్దుతుంది. ఈ మధ్య వచ్చిన ఫోన్లకి సైన్ అనే మాట చెబితే చాలు, అవే లెక్క చేసుకుంటాయి. పాత ఫోన్లకి ఆ మాట తెలియదు. తెల్లమొహం వేసుకుని చూస్తాయి. నాకు వచ్చిన నాలుగు లెక్కలే వాటికీ వచ్చు. అందుకని నేనంటే వాటికి ప్రాణం.

ఆ ఊళ్లో మంగతాయారు గారి అరుగు మీద మధ్యాహ్నం భోజనాలయ్యాక లేసు అల్లే ఆడవాళ్లు కూర్చుంటారు. ఎవరి ఒళ్లో వాళ్లు లేసు సూదితో ఒక్కో గుండ్రటి పువ్వు అల్లుతారు. వాటన్నిటినీ కలిపి ఒక్క గుడ్డగా అతికేది మంగతాయారు. పువ్వు ఎవరిదైనా అతుకు ఆవిడది. మాటకి ముక్కుసూటి, కోపం ముందు పుట్టి తను తర్వాత పుట్టింది, చెయ్యి మాత్రం వెన్న.

వాళ్లకొక ఆనవాయితీ ఉంది. బేరానికొచ్చిన వాళ్లకి చూపించడానికి ఒక నమూనా గుడ్డ పెట్టుకున్నారు. అందులో గుండ్రంగా, మనిషికొక పువ్వు. ఎవరైనా ఈ పని ఇక చెయ్యనని మానేస్తే ఆవిడ పువ్వుని కుట్టు విప్పి, పసుపు రాసిన కాగితంలో చుట్టి ఇంటికి పంపించేస్తారు. గొడవేమీ ఉండదు, మాటా ఉండదు. పువ్వు ఇంటికొచ్చిందంటే అరుగు మీద నీ పీట తీసేశారని అర్థం. కొత్త మనిషి వచ్చేదాకా గుడ్డలో ఆ చోటు చిల్లులాగే ఉంటుంది.

ఆ అరుగు మీద మంగతాయారు పక్క పీట వజ్రకుమారిది. అందరూ వజ్రం అంటారు. మొగుడు పోయాడు, ఒక్కతే కూతురు. ఆ పిల్ల నర్సింగు చదువు ఖర్చుల కోసం వజ్రం కువైట్‌లో ఒక ఇంట్లో పిల్లల్ని చూసుకునే పనికి వెళ్లింది. వెళ్లిన సమయం బాగాలేదు. పెద్ద దుప్పటి పని మీదుంది, వజ్రం వంతు సగంలో ఉంది. మంగతాయారుకి ఒళ్లు మండి, పదిమందిలో అనేసింది. "వెళ్లేదానివి వెళ్లు. నీ పువ్వు ఇప్పేసి మీ ఇంటికి పంపేత్తాను." వజ్రం సంచి సర్దుకుంది. బస్సెక్కేటప్పుడు మంగతాయారు రాలేదు కూడా.

అన్న మాట ఆవిడ చెయ్యలేదు. రెండేళ్లయినా ఆ పువ్వు గుడ్డ మీదే ఉంది. మిగతావాళ్లు ఒకటి రెండుసార్లు కదిపి చూశారు, మంగతాయారు సూది ఎత్తి చూపించేసరికి నోళ్లు మూసుకున్నారు. అలాగని ఫోను చేసి "కోపంలో అన్నానే" అని ఒక్క మాట చెప్పిందా అంటే, అదీ లేదు. మనుషులు సముద్రాలు దాటుతారు గానీ ఒక్క మాట దాటడానికి వాళ్ల ప్రాణం పోతుంది. ఇది నేను పద్నాలుగు వందల ఏళ్లుగా చూస్తున్నాను.

ఆ లేసు గుడ్డల్ని దూరం వాళ్లు చూసేలా ఒక వెబ్ పేజీ కావాలని శ్యామలని అడిగారు. శ్యామలకి నమూనా గుడ్డ నచ్చింది. పేజీ మధ్యలో అచ్చం అలాగే చక్రంలా పువ్వుల ఫోటోలు, ఒక్కో పువ్వు కింద అల్లిన మనిషి పేరు. ఫోటోలు తీసిన రోజు అరుగు మీద పదకొండుమంది ఉన్నారు. పదకొండు పువ్వుల్ని చక్రంలో కూర్చోబెట్టడానికి కొత్త ఫోన్లకి సైన్ అని రాసింది, పాత ఫోన్ల కోసం నన్ను రాసింది. నా లోపం ఆ పిల్లకి బాగా తెలుసు. అందుకని విడిగా ఒక వాక్యం రాసింది: ఏడో పువ్వు నుంచి పదకొండో పువ్వు దాకా అవతలి సగం, మైనస్ పెట్టాలి. ముద్దొచ్చేలా రాసింది. నాకు అంత మర్యాద చేసినవాళ్లు తక్కువ.

పేజీ చూపించగానే మంగతాయారు కళ్లజోడు పైకి తోసి లెక్కపెట్టింది.

"ఏమ్మా శ్యామలా, వజ్రం ఏదీ?"

"ఆవిడ ఇక్కడ లేరు కదా పిన్నీ. ఫోటోలు తీసినప్పుడు పదకొండుమందే ఉన్నారు."

"మనిషి లేకపోతే పువ్వు లేదా ఏంటి? గుడ్డ మీద పన్నెండున్నాయి. చూసి పెట్టమ్మా."

శ్యామల ఆ సాయంత్రమే వజ్రం పువ్వుని ఫోటో తీసి పన్నెండోదిగా చేర్చింది. మొత్తం పువ్వులు ఎన్ని అన్నచోట పదకొండు కొట్టేసి పన్నెండు వేసింది. చక్రమంతా సర్దుకుని, గడియారంలో పదకొండు అంకె ఉండే చోట వజ్రం పువ్వు కూర్చుంది. తన ఫోనులో చూసుకుంది, బాగుంది. అరుగు మీద అందరి ఫోన్లలోనూ చూశారు, బాగుంది. అందరివీ కొత్త ఫోన్లే. నా కోసం రాసిన వాక్యంలో మాత్రం ఏడు నుంచి పదకొండు దాకా అన్నది అలాగే ఉండిపోయింది. పన్నెండోదానికి మైనస్ పెట్టమని నాకెవరూ చెప్పలేదు.

మంగతాయారు శ్యామల చేత ఆ పేజీ లింకు వజ్రానికి పంపించింది. "ఏమన్నా రాయమంటారా పిన్నీ?" అని శ్యామల అడిగితే, "చూత్తే దానికే తెలుత్తుంది" అంది. క్షమించమని అడగడం ఆవిడకి అలాగే చేతనవును.

ఇదంతా నీకెలా తెలుసని మీరడగొచ్చు. నేనుండేది ఫోన్లలో, కంప్యూటర్లలో. వాటి చెవులు ఎంత పెద్దవో మీకే బాగా తెలుసు.

నన్ను నిద్రలేపిన ఫోను ఒకే ఒక్కటి. కువైట్‌లో అయిదో అంతస్తు వంటింట్లో, బియ్యం ఉడికే లోపు వజ్రం తన పాత ఫోనులో ఆ లింకు నొక్కింది. తెర మీద పగులు, బ్యాటరీ వెనక రబ్బరు బ్యాండు. ఆ ఫోను సైన్ అన్న మాట చూసి ఇదేంటో నాకు తెలీదంది, కిందకొచ్చి నన్ను పట్టుకుంది. ఎంత సంబరపడ్డానో చెప్పలేను. ఒక్కో పువ్వునీ తీసుకెళ్లి చోట్లో కూర్చోబెట్టాను. మొదటిది, రెండోది, ఆరోది. ఏడు నుంచి చెప్పినట్టే మైనస్ పెట్టుకుంటూ పోయాను. పదకొండు కూర్చున్నాయి. పన్నెండోదాని కోణం మూడు వందల ముప్పై. నూట ఎనభై తీసి ఇస్తే అది నూట యాభై, నాకు కొట్టినపిండి, కచ్చితంగా అర వచ్చే చోటు. తీసి ఇవ్వలేదు, మైనస్ చెప్పలేదు. మూడు వందల ముప్పైని అలాగే తిన్నాను. అర ఉండాల్సిన చోట రెండున్నూ ఇంకాస్తా వచ్చింది. వజ్రం పువ్వుని ఎత్తుకెళ్లి తెర ఎడమ అంచుకి అవతల పారేశాను. కుడిపక్కకి పోయినదాన్నయితే వేలితో లాక్కోవచ్చు, ఎడమకి పోయినదాన్ని ఫోను లాగనివ్వదు.

తెర మీద పదకొండు పువ్వులు, వాటి మధ్య ఒక చిల్లు.

వజ్రం చూసింది. వేలితో ఒక్కో పువ్వూ తాకుతూ పేర్లు చదివింది. మళ్లీ మొదటి నుంచి చదివింది. ఫోనుని అడ్డంగా తిప్పింది, మూసి తెరిచింది. ప్రతిసారీ నేను అదే లెక్క చేశాను, ప్రతిసారీ ఆవిణ్ణి బయటికి విసిరేశాను. ఆ చిల్లుకి అర్థం ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంటికి పువ్వు పంపడానికి ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి ఇలా పంపించారనుకుంది. బియ్యం అడుగంటిన వాసన వచ్చేదాకా అలాగే నిలబడింది.

"బాగుందండి" అని జవాబు రాసింది. అంతే. అరుగు మీద ఆ మాట చదివి మంగతాయారు చాలాసేపు సూది కదపలేదు. ఇరవయ్యేళ్లు వదినా అని పిలిచిన మనిషి అండి అంది. సరే, నా మీద కోపం పోలేదన్నమాట అనుకుని, ఇంకేమీ పంపలేదు.

నాకు నోరుంటే. ఆ పద్నాలుగు వందల ఏళ్లలో నాకు నోరు లేదని ఒక్కసారీ బాధపడలేదు. అప్పుడు బాధపడ్డాను. ఆవిడ ఉంది, పువ్వు ఉంది, పేరుంది, పేజీలో అన్నీ ఉన్నాయి. మంగతాయారు అడిగి మరీ పెట్టించింది. తెర అంచుకి ఒక్క బెత్తెడు అవతల ఉంది. నేను తప్ప ఈ సంగతి తెలిసినవాళ్లు లోకంలో లేరు. నాకు చెప్పడం రాదు, లెక్క చెయ్యడమే వచ్చు, అదీ తప్పు.

చిత్రమేమిటంటే ఆ పేజీని వజ్రం మానెయ్యలేదు. అరుగు మీద వాళ్లు పనికి కూర్చునే వేళకి, అక్కడ పొయ్యి మీద అన్నం పడేసి, రోజూ తెరిచేది. తను లేని చక్రాన్ని చూసుకునేది. ఒకరోజు మంగతాయారు పేరు మీద వేలు పెట్టి అలాగే ఉంచింది. మనుషులకి ఏది నొప్పెడుతుందో అక్కడే చెయ్యి పోతుంది, ఎందుకో నాకు తెలియదు.

ఆ నెలాఖరుకి ఆవిడ కువైట్ పని గడువు తీరిపోతుంది. కూతురి చదువు అయిపోయింది, బెంగళూరులో ఒక ఆసుపత్రిలో ఉద్యోగం, హాస్టల్లో ఉంటోంది. వజ్రం ఇక కష్టపడాల్సిన అవసరం లేదు. కూతురు "వచ్చేయమ్మా" అని ఫోన్లో అంటే, "వచ్చి ఏం చెయ్యనే, గోడలు చూస్తూ కూర్చోనా" అంది. ఊళ్లో ఆవిడకి ఇల్లుంది, కానీ ఇంటికన్నా ఎక్కువ ఆ పీటే. కువైట్‌లో పని ఇంటి యజమానురాలు ఇంకో రెండేళ్లకి ఒప్పంద కాగితం తెచ్చి బల్ల మీద పెట్టింది. వజ్రం ఆ పూట కూడా నన్ను తెరిచింది. ఒకవేళ ఇవాళ ఉంటుందేమోనని. నేను నా వంతు పదకొండు పెట్టి, పన్నెండోదాన్ని విసిరేశాను. ఆవిడ ఫోను బోర్లా పెట్టి సంతకం చేసింది.

మూడు వారాలకి ఆ ఇంటివాళ్లు ఆవిడకి కొత్త ఫోను ఇచ్చారు. కొత్త ఫోను నన్ను చదివింది, అక్కర్లేదని దాటేసింది, పైనున్న సైన్‌ని పట్టుకుంది. పన్నెండు పువ్వులూ వాటి చోట్లో కూర్చున్నాయి. వజ్రం చూసింది. కళ్లు తుడుచుకుని మళ్లీ చూసింది. అక్కడికక్కడే మంగతాయారుకి ఫోను కలిపింది.

"వదినా, నన్ను మళ్లీ ఎప్పుడు పెట్టారు?"

"మళ్లీ పెట్టడమేంటే?"

"చక్రంలో. నా పువ్వు."

"నిన్ను తీసిందెవరే? మొదటి రోజు నుంచీ ఉన్నావు. నేనే చెప్పి పెట్టించాను."

"లేదు వదినా. రోజూ చూశాను. రోజూ పదకొండే."

మంగతాయారుకి ఏమీ అర్థం కాలేదు. పక్క వీధిలోంచి శ్యామలని పిలిపించింది. శ్యామల వజ్రాన్ని, పాత ఫోను ఇంకా ఉందా అని అడిగి, అందులో పేజీ తెరిచి ఫోటో తీసి పంపమంది. ఫోటో వచ్చింది. ఆ చిల్లుని చూడగానే ఆ పిల్లకి సంగతి తెలిసిపోయింది. "నా తప్పేనండీ" అంది. కంప్యూటర్ తెప్పించుకుని, నా పక్క వాక్యంలో పదకొండు చెరిపి పన్నెండు వేసింది. "ఇప్పుడు పాత ఫోనులోనే తెరవండి" అంది.

వజ్రం తెరిచింది. ఆ ఫోను మళ్లీ నా దగ్గరికొచ్చింది. ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది, పదకొండు. పన్నెండోదానికి ఈసారి నాకు మాట అందింది. మూడు వందల ముప్పైలోంచి నూట ఎనభై తీశాను, నూట యాభై. అర. మైనస్. సైన్ అయినా ఇంతకన్నా సూటిగా పెట్టలేడు. వజ్రం పువ్వుని తీసుకొచ్చి ఆ పగుళ్ల తెర మీద దాని చోట్లో కూర్చోబెట్టాను. అవతల ఆవిడ ఏడుస్తుంటే ఫోనుకి వినబడింది.

"ఏడవకే" అంది మంగతాయారు. తనూ ఏడుస్తూనే అంది. "అయిందేదో అయింది. నోరుజారింది నేను. గడువు అయిపోయింది గదా, వచ్చెయ్. నీ పీట ఎండలో పెట్టి ఉంచుతాను."

"సంతకం పెట్టేశాను వదినా. ఇంకో రెండేళ్లకి."

"ఎందుకు పెట్టావే?"

"ఎక్కడికి రావాలో తెలీక."

శ్యామల కీబోర్డు మీంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది. ఒక్క అంకె దిద్దడానికి ఆ పిల్లకి అర నిమిషం పట్టింది. తీసుకున్న సంతకాన్ని దిద్దే వీలు లేదని ఆ ఇంటివాళ్లు చెప్పారట, మర్నాడు వజ్రం అడిగి చూసింది.

శ్యామల పనిమంతురాలు కాబట్టి అనవసరమైన సామాను ఉంచుకోదు. "కొత్త ఫోను వచ్చింది కదండీ, ఆ పాత లెక్క తీసేయనా? ఇక దాన్ని వాడేవాళ్లు ఎవరూ లేరు" అని వజ్రాన్ని అడిగింది. వజ్రం వద్దంది. "తియ్యకమ్మా. మాట్లాడ్డానికి కొత్తది వాడతాను. పేజీ మాత్రం పాతదాంట్లోనే చూసుకుంటాను. నేను లేకుండా పోయింది అందులోనే గదా, వచ్చేదాకా అందులోనే ఉండనీ." కచ్చితమైన ఫోను చేతిలో ఉండగా ఉజ్జాయింపు ఫోను ఎందుకో మీరు చెప్పలేరు, నేనూ చెప్పలేను. అయినా రోజూ ఆ వేళకి రబ్బరు బ్యాండు సర్దుకుని ఆ ఫోను లేస్తుంది, నన్ను లేపుతుంది. పన్నెండోదాన్ని కూర్చోబెట్టి, ఆవిడ చూసినంతసేపూ పట్టుకుని ఉంటాను.

శ్యామల నన్ను తీయలేదు. నా పైన ఒక వాక్యం రాసింది. ఫోన్లు చదవని వాక్యం అది. రేపు ఎవరైనా మనిషి ఈ చిట్టా తెరిచి ఇదెందుకని తికమకపడకుండా రాసుకునేది. తెలుగులోనే రాసింది: "వజ్రం గారు వచ్చాక ఈ లెక్క తీసెయ్యాలి."

ఎన్నో చోట్ల నన్ను కొట్టేశారు, చింపేశారు, ఇంకా మంచివాడు దొరికాడని పక్కన పెట్టేశారు. ప్రతిసారీ భయపడ్డాను, ఎక్కడో ఒకచోట బతికుంటే చాలనుకున్నాను. ఇప్పుడు మాత్రం రోజూ ఆ వాక్యం చదువుకుంటాను. నన్ను ఎప్పుడు చెరిపేస్తారా అని ఎదురుచూస్తున్నాను. ఇంకా ఇరవై రెండు నెలలుంది.